ప్రతి ఉదయం పుట్టే ఫోల్డర్లు

ఆరో యంత్రం స్విచ్ నొక్కి, తెర వెలిగేలోగా పెద్దాయన కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటున్నాడు. టికెట్ల యంత్రాలకు సొంతంగా ఆపరేటింగ్ సిస్టం తయారుచేసే ఆ ఆఫీసులో ఆయన పని ఒక్కటే. యంత్రం ఆగిందంటే లోపలి తాత్కాలిక ఫోల్డర్లన్నీ మాయమవుతాయి. మళ్లీ లేచినప్పుడు, మిగతా ప్రోగ్రాములు కళ్లు తెరవకముందే వాటిని కొత్తగా పుట్టించాలి. ఏది ఎక్కడ, ఎవరిది, ఎవరికి ప్రవేశం అన్న జాబితా ఆయన చేతిలోది. ఆయన దగ్గితే చాలు, ఫోల్డర్లు లేచి వరుసలో నిలబడతాయని ఆఫీసంతా చెప్పుకునేది. అందులో సగమైనా నిజమే.

పద్నాలుగేళ్లుగా ఆయన ఉద్యోగం కూడా ఏడాదికోసారి పుట్టేది. ఈ ఏటి ఒప్పందం ఇవాళ్టితో సరి. చిన్న కూతురి నర్సింగు చదువు ఇంకో ఏడాది ఉంది. పొడిగింపు కాగితం కొత్త మేనేజరు బల్ల మీద సంతకం కోసం పడి ఉంది.

రాత్రి ఆపని మొదటి ఐదూ నడుస్తున్నాయి గానీ, ఆరో యంత్రం లేవలేదు. ఏడోదీ లేవలేదు. తెర మీద ఒకటే గోల: ఫోల్డరు కనబడలేదు.

"జాబితాలో ఎవరమ్మా చెయ్యి పెట్టింది?" అని పక్క బల్ల అమ్మాయిని అడిగాడు.

"మేనేజరు గారే బాబాయ్. ఫోల్డరు ఎలాగూ ఉందిగా, రోజూ పుట్టించడమేంటని నిన్న ఆ లైను కొట్టేశారు."

"నడుస్తున్న యంత్రంలో ఉండక ఎక్కడికి పోతుంది? ఒక్కసారి ఆపి చూస్తేగా తెలిసేది! నువ్వైనా చెప్పకపోయావా?"

"చెబితే మీ ఒప్పందానికి తోడుగా నాదీ పోతుంది."

ఆయన నవ్వలేదు. లైను తిరిగి రాశాడు, ప్రవేశ హక్కులు సరిచూశాడు, అన్నిటినీ ఆపి వెలిగించాడు. పన్నెండు యంత్రాలూ బుద్ధిగా లేచాయి.

అప్పుడే డైరెక్టరును వెంటబెట్టుకొని మేనేజరు వచ్చాడు. "పొద్దున చిన్న ఇబ్బంది వచ్చిందండీ. నేను చూసి సర్దేశాను."

డైరెక్టరు భుజం తట్టాడు. తట్టింది మేనేజరు భుజం.

సాయంత్రం మేనేజరు గదిలోంచి పిలుపు వచ్చింది. "జాబితా ఇప్పుడు బాగానే ఉందిగా," అన్నాడు మేనేజరు, సంతకం పెట్టని పొడిగింపు కాగితం సొరుగులోకి తోస్తూ. "ఇంక మీకెందుకండీ శ్రమ?"

పొద్దుటి సంగతి పెద్దాయన నాలుక చివరిదాకా వచ్చింది. పక్క బల్ల అమ్మాయి గది అద్దాల గోడ అవతల తల వంచుకొని పని చేసుకుంటోంది. "శ్రమేముందిలెండి," అని లేచాడు.

గేటు దగ్గర కాపలాదారు ఆయన కార్డు తీసుకొని, అలవాటు కొద్దీ, "రేపు కలుద్దాం సార్," అన్నాడు.

పైన దీపాలు ఆర్పేశారు. ఆయన కుర్చీలో, ఇంటావిడ పాత దుప్పటి చింపి కుట్టిన దిండు, నడుమ గుంటతో అలాగే ఉంది.