ఆణిముత్యాల్లో మొదటి పాట

జుట్టు ఊడినా పొగరు ఊడని రాక్ బ్యాండ్ అది. వాళ్ళ హిట్ పాటలన్నీ ఏర్చి కూర్చి, 'ఆణిముత్యాలు' అని ఒకే ఆల్బమ్‌గా తెస్తున్నారు. చివరిసారి విని సరేననడానికి స్టూడియోకి ఇద్దరొచ్చారు. డ్రమ్స్ వాయించే అన్న, గిటార్ వాయించే తమ్ముడు. అన్నని అభిమానులు ఉరుము అంటారు. ఆ పేరు తెచ్చిపెట్టింది మొదటి పాటే. మధ్యలో పాటంతా ఆగిపోతుంది, చిన్న డ్రమ్ము నుంచి పెద్ద డ్రమ్ము దాకా దెబ్బలు దొర్లుకుంటూ దిగుతాయి. జనం ఎగబడి వచ్చేది ఆ ముక్క కోసమే.

విడ్డూరమేమిటంటే, ఆ ముక్క వేదిక మీద ఆయనకి ఒక్కసారీ సరిగ్గా పడలేదు. రికార్డింగు రోజున ఒళ్ళు కాలిపోతున్నా వాయించేసి, ఇంటికెళ్ళి ముసుగుతన్ని పడుకున్నాడు. తీరా రికార్డు వచ్చాక విని తనే నోరెళ్ళబెట్టాడు. ఆ తర్వాత రాత్రిళ్ళు దిండ్ల మీద వాయిస్తూ, అవి చిరిగేలా సాధన చేశాడు, భార్య చేత చీవాట్లు తిన్నాడు. అయినా ఏదో ఒక దెబ్బ జారిపోయేది. "ఆ రోజు నన్ను ఏ దేవుడు పూనాడో!" అని పైకి నవ్వేసేవాడు.

సౌండ్ ఇంజనీరు హెడ్‌ఫోన్స్ అందించాడు. పాత రికార్డులో డ్రమ్స్ అంతా నడిమధ్యే వినబడేది. ఇప్పుడు అసలు టేపు దొరికింది కాబట్టి రెండు చెవులకీ పంచాడు. ఆ ముక్క రాగానే ఉరుము చెయ్యెత్తాడు.

"తిరగేశావయ్యా! నాది ఎడమచేతి వాటం. నా డ్రమ్ములు అందరికీ ఎదురు వరసలో ఉంటాయి. దెబ్బలు కుడి చెవి నుంచి ఎడమకి దిగాలి. ఇవి ఎడమ నుంచి కుడికి పోతున్నాయి."

"లేదండీ, ఏ మైకు ఏ పక్కదో చెప్పి మరీ మొదలుపెట్టారు. వినండి."

ఇంజనీరు టేపు మొదటికి తిప్పాడు. మైకు మీద వేలితో తట్టిన చప్పుడు. "ఇది ఎడమ," అంది ఒక కుర్ర గొంతు. మళ్ళీ తట్టిన చప్పుడు. "ఇది కుడి." స్టూలు జరిగింది. అదే గొంతు "సరే, కానిద్దాం" అంది. డ్రమ్స్ మొదలైంది.

ఆ గొంతు తమ్ముడిది.

ఉరుము హెడ్‌ఫోన్స్ తీసి వెనక్కి తిరిగాడు. సోఫాలో తమ్ముడి ముఖాన నెత్తురు చుక్క లేదు.

"నువ్వా?"

"జ్వరంలో లయ తప్పావన్నయ్యా. మర్నాటికి స్టూడియో మనకి లేదు. నిన్ను లేపబుద్ధి కాలేదు. డ్రమ్ములు నా కుడిచేతి వాటానికి మార్చుకుని వాయించేశాను."

"మరి నేను వాయించింది?"

"దాని మీదే రికార్డు చేశాం. అది చెరిగిపోయింది."

ఇన్నేళ్ళూ అన్న తనది కాని ఉరుముని తన పేరుగా మోశాడు. దానికి ఏం చెయ్యాలో, కోప్పడాలో ఏడవాలో కూడా తెలియలేదు. ఇంజనీరు ఇబ్బందిగా దగ్గి, కవర్ మీద ఈ పాటకి డ్రమ్స్ ఎవరి పేరున వేయమంటారని అడిగాడు.

"ఊరూరా నా పక్కనే నిలబడ్డావు," అన్నాడు అన్న, తమ్ముడివైపే చూస్తూ. "ఆ ముక్క దగ్గర నేను తడబడినప్పుడల్లా చూస్తూనే ఉన్నావు. ఒక్కసారైనా చెప్పాలనిపించలేదట్రా?"

"చెబితే నువ్వు డ్రమ్స్ మానేస్తావని భయమేసింది."

"మానేసేవాణ్ణి కాదురా," అన్నాడు అన్న. "హాయిగా నిద్రపోయేవాణ్ణి."