ఆకురాలే కాలం రొట్టె

పొద్దున నమాజు కాగానే హజరాబీ అరుగు మీద కూర్చుని, కోడలు వాకిలి ఊడుస్తుంటే చూసేది. చీపురు వాటం కుదరకపోతే చెప్పేది. కోడలికి కాదు, గుంజకి కట్టిన మేకకి.

"చూసినావా, మూల వదిలేసింది."

మేక నెమరేసేది. కోడలు షాహీన్ వెనక్కొచ్చి మూల ఊడ్చేది. రెండేళ్లుగా ఆ ఇంట్లో అత్తాకోడళ్ల మాట ఇట్లాగే నడిచింది.

కారణం చిన్నదేం కాదు. కొడుకు అక్బర్ రైలు సొరంగం పనికి వెల్డరుగా కాశ్మీరు పోయి, అక్కడే నిఖా చేసుకుని, అంతా అయినాక ఫోన్ చేసినాడు. కావలికి తూర్పున సముద్రం ఒడ్డునున్న ఆ పల్లెలో హజరాబీని అడక్కుండా ఎవరూ పందిరి గుంజ కూడా పాతరు. సొంత కొడుకు ఏకంగా పెళ్లే చేసుకున్నాడు. ముప్పయ్యేళ్ల కింద తన బిరియానీలో ఉప్పు తక్కువన్న ఆడబిడ్డతోనే ఆమె ఇంకా మాట్లాడదు. ఇది మరిచిపోతుందా?

షాహీన్‌కి ఆ ఊళ్లో దాదాపు అన్నీ కుదిరినాయి. చేపల పులుసు నేర్చుకుంది, తెలుగు నేర్చుకుంది. అక్టోబరు మాత్రం కుదరలేదు. వాళ్ల ఊళ్లో ఆ నెలలో చినారు చెట్లు ఎర్రబడి, ఆకులు మోకాటి లోతున రాలతాయి. ఆడవాళ్లు వాటిని పోగేసి కాల్చి, నీళ్లు చిలకరించి, చలికాలానికి బొగ్గు చేసుకుంటారు. ఇక్కడ అక్టోబరంటే ఉక్క, వాన, తుఫాను కబురు.

"నాకు ఏడాదికి పదకొండు నెలలే వస్తా ఉండాయి" అని అక్బర్‌తో అనేది.

మొహర్రం నెలలో రొట్టెల పండగకి ముగ్గురూ నెల్లూరు పోయినారు. దర్గా పక్క చెరువులో జనం మోకాళ్ల దాకా దిగి కేకలు పెడుతున్నారు. పెళ్లి రొట్టె, ఉద్యోగం రొట్టె, ఇల్లు రొట్టె. కోరిక తీరినవాళ్లు రొట్టె ఇవ్వాలి, అదే కోరిక ఉన్నవాళ్లు పుచ్చుకుని తినాలి. షాహీన్ తల మీద కొంగు సర్దుకుని ఒక్కొక్కరినీ అడుగుతూ పోయింది.

"అక్కా, ఆకురాలే కాలం రొట్టె ఉండాదా?"

"అదేం రొట్టె పాపా? సంతానం రొట్టె ఉండాది, పట్టకపో" అని ఒకావిడ నవ్వింది.

మధ్యాహ్నం దాకా అడుగుతూనే ఉంది. చూసేవాళ్లు చూస్తున్నారు, నవ్వేవాళ్లు నవ్వుతున్నారు. హజరాబీకి తల కొట్టేసినట్టయింది. సంచిలోంచి తను తెచ్చుకున్న రొట్టె ఒకటి తీసి కోడలి చేతిలో పెట్టి, నీళ్లకేసి చూస్తూ అంది.

"ఇదే ఆ రొట్టె. తిని గట్టెక్కమను."

తనకి తీరని కోరికకి రొట్టె ఇవ్వకూడదు. ఆ జిల్లాలో పసిబిడ్డకి కూడా తెలిసిన సంగతి. హజరాబీకి ఇంకా బాగా తెలుసు. అయినా ఇచ్చేసింది.

అక్టోబరు మొదటి శుక్రవారం హజరాబీ కొంగు దులిపితే ఒక ఆకు రాలింది. అరచేయంత, ఎర్రగా, వేళ్లు చాపినట్టు. తల దువ్వుకుంటే ఇంకో నాలుగు. వారం తిరిగేసరికి ఆమె యాడ కూర్చుంటే ఆడ కుప్ప. ఇచ్చినవాళ్ల దగ్గర ఉంటేనే గదా పుచ్చుకున్నవాళ్లకి అందేది, అందుకని ముందు ఈమెకి వచ్చిందని ఊళ్లో అనుకుని ఎవరి పనిలో వాళ్లు పడ్డారు. చేపలమ్మే అబిగయీలు రోజూ ఒక గంపెడు ఆకులు తట్టలో పరుచుకోను తీసుకుపోయేది.

"బీబమ్మా, రేపు కాస్త పెద్దాకులు రాల్చు."

"చెప్పినట్టు రాల్చేదానికి నేనేమన్నా మీ దొడ్లో మునగచెట్టునా? పోయే."

షాహీన్ మిగతా ఆకులు ఊడ్చి, దొడ్లో కాల్చి, బొగ్గు చేసి మూటలు కట్టింది. మొదటి నాలుగు రోజులు పాట పాడుకుంటూ ఊడ్చింది. తర్వాత పాట ఆగిపోయింది. ఆ పొగ వాసన తగిలేకొద్దీ పుట్టిల్లు పక్క వీధిలోనే ఉన్నట్టు లాగింది. నెలాఖరుకి పోతానని, తిరిగొచ్చేది చెప్పలేనని అక్బర్‌తో అంది. అక్బర్ టిక్కెట్టు తీసినాడు. ఆ రోజు నుంచి అతని కంచంలో అన్నం కంచంలోనే ఉండేది.

ప్రయాణం రోజు తెల్లారేసరికి ఆకులు ఆగిపోయినాయి. హజరాబీ ఎంత దులిపినా కొంగులోంచి ఒక్కటీ రాలలేదు. దాని వెంటనే చలి పట్టుకుంది. బయట ఉక్కకి కుక్కలు నాలుకలు వెళ్లబెడుతుంటే, ఆమె రెండు బొంతలు కప్పుకుని పళ్లు కటకటలాడించింది. నుదురు పట్టి చూస్తే జ్వరం లేదు, చల్లగానే ఉంది. ఆరెంపీ డాక్టరు కామాక్షయ్య వచ్చి నాడి చూసినాడు.

"రోగమేం లేదబ్బయా. ఆకులు రాలినాయి గదా, అమ్మకి చలికాలం వచ్చింది. నేను పుట్టినాక ఈడ చలికాలం చూళ్లేదు. దీని సంగతి తెలిసినోళ్లనడుగు" అని సంచి సర్దుకున్నాడు.

గేటు ముందు వినోద్ ఆటో ఆగింది. ఒక సంచి అప్పటికే ఆటోలో ఉంది. రెండోది షాహీన్ చేతిలో ఉంది. అక్బర్ గోడకానుకుని నేల చూస్తున్నాడు.

హజరాబీ పుట్టి బుద్ధెరిగినాక ఒకరిని ఒకటి అడిగిన మనిషి కాదు. మొగుడు పోయిన ఏడు కూడా ఎవరి గడపా తొక్కలేదు. పెదవులు బిగబట్టి చూసింది. బిగిసేది పెదవులే, చలి ఆగలేదు.

"షాహీన్" అంది.

ఆ పేరు ఆమె నోట రావడం అదే మొదలు.

"నాకు చలిగా ఉండాది. నాకీ చలి తెలీదు. నీకు తెలుసు. ఉండు."

"అక్కా, రైలు" అన్నాడు వినోద్ మెల్లగా.

షాహీన్ అత్త మొహం చూసింది. చేతిలో సంచి కింద పెట్టి, జిప్పు లాగి, పుట్టింట్లో అమ్మకని కట్టుకున్న బొగ్గు మూట బయటికి తీసింది. పొయ్యిలోంచి నిప్పు తెచ్చి చిన్న మట్టికుండలో రాజేసి, వాళ్ల ఊళ్లో చలికాలం చేసినట్టే కుండని వెదురుబుట్టలో కూర్చోబెట్టి, బొంత కింద అత్త చేతుల మధ్య పెట్టింది.

"నిప్పు తక్కువేసినావు" అంది హజరాబీ, కోడలి కళ్లలోకే చూసి.

"మొదటిరోజు తక్కువే వేయాల అమ్మీ. ఒంటికి అలవాటు గావాల."

"ఎన్నాళ్లుంటదిది?"

"మూడు నెలలు."

"ఆ తర్వాత?"

"చిగురేస్తది."

హజరాబీ ముడతలు పడ్డ చేతులు బొంతలోంచి తీసి, అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

"అరవై తొమ్మిదేళ్ల ముసల్దానికి చిగురేస్తే, ఊళ్లో ఏమని చెప్పుకునేదే?"

బయట వినోద్ ఇంజను ఆపి, ఆటోలో సంచి దించినాడు.