బాణం లేని విల్లు

"ఏటమ్మా, నా విల్లుకి బొట్టెట్టినావా?" పని నుంచి వచ్చిన దర్షిణి పకపకా నవ్వింది.

తల్లి సుగంధికి నవ్వు రాలేదు. ఆ రోజు ఆయుధపూజ. మలేషియాలో, క్లాంగ్‌లోని ఆ ఇంట్లో కత్తిపీటకీ, మోటారుసైకిలుకీ, కూతురి వేట విల్లుకీ పొద్దున్నే కుంకుమ పెట్టింది. వేట విల్లన్నది పేరుకే. క్లబ్బులో దర్షిణి కొట్టేది రబ్బరు పంది బొమ్మలనే. ఆదివారం పోటీ ఉంది.

సుంగై సిపుట్ ఎస్టేటులో సుగంధి తండ్రి అప్పడికి వెదురు విల్లుండేది. అక్కడ మరవల్లి అనే కర్రపెండలం దుంపల తోటని అడవిపందుల నుంచి కాపలా కాసేవాడు. ఆయుధపూజనాడు విల్లుకి దండం పెట్టి, ఉత్త నారి లాగి వదిలేవాడు. ఆ తర్వాతే ప్రసాదం పంచేవారు కాబట్టి, ఆ మోత వింటేనే పిల్లల నోట్లో బెల్లం అటుకులకి నీళ్లూరేవి. సుగంధి అది విని నలభై ఏళ్లయింది.

మళ్లీ వినాలనిపించి, పొద్దున ఎవరూ లేనప్పుడు కూతురి విల్లు బలమంతా పెట్టి లాగి వదిలింది. ఠాప్‌మని ఏదో పేలినట్టయింది. చెయ్యి జివ్వుమంది. అప్పటి నుంచీ ఆమెకి ఒకటే ఊహ: పోటీలో ఆ విల్లు విరుగుతుంది, పెచ్చు పిల్ల కంట్లో దిగుతుంది.

"ఒలే, బాణం ఎట్టకుండా లాగి ఒగ్గేస్తే ఏటవుతాది?"

దర్షిణి నవ్వు ఆగింది. "ఎవరు ఒగ్గేసినారు?"

"నానే. మీ తాత సేసినట్టే సేసినాను."

"అయ్యో అమ్మా! బాణం లేకపోతే ఆ దెబ్బంతా విల్లుకే తగుల్తాది."

దర్షిణి నారి విప్పేసింది. చేతిపట్టుకి పైనా కిందా వంగే రెండు రెక్కలనూ వెలుతుర్లో తిప్పి చూసింది. ఏమీ కనబడలేదు.

"దూది ఇయ్యి. బీటుంటే పట్టుకుంటాది."

సుగంధి వత్తుల దూది తెచ్చింది. పై రెక్క మీద అది నున్నగా జారిపోయింది. కింది రెక్క సగానికి వచ్చేసరికి ఒక పోగు చిక్కుకుని నిలిచిపోయింది.

"బీటే. దీంతో ఇక కొట్టకూడదు. ఆదివారం పోటీ లేదు."

సుగంధికి ప్రాణం లేచొచ్చింది. అలా సంతోషించినందుకు మరుక్షణమే సిగ్గేసింది.

"నాలుగు తిట్టవే."

"తిట్టను లా," అంది దర్షిణి, మాట చివర అక్కడి మలయ్ యాస కలిపి. "నువ్వు సెప్పకపోతే నా కన్ను పోయేది. తాత ఎంత లాగేవాడు, సెవి దాకానా?"

సుగంధి కళ్లు మూసుకుంది. గుమ్మంలో నాన్న, నారి మీద రెండే వేళ్లు.

"బెత్తెడు కూడా కాదే," అంది నెమ్మదిగా. "సిన్నదాన్ని కదా, నాకంత పెద్దగా ఇనబడేది."

దర్షిణి ఫోను తీసి క్లబ్బుకి ఏదో రాసింది.

"ఏటి రాసినావు?"

"విల్లు పాడయింది, రానని."

"మీ అమ్మే పాడుసేసినాదని రాయవే."

"అది వాళ్లకెందుకు లా," అని దర్షిణి తల్లి చేయి పట్టుకుని, నారి తగిలిన వేళ్లు కమిలాయేమోనని చూసింది.