కాలని గ్లౌజు

నేను ఒక ఎడమచేతి గ్లౌజును. నిప్పులో వేసినా కాలను. గొప్పలు పోతున్నాననుకోకండి, నన్ను తయారుచేసిందే అందుకు. కొండ తవ్వి తీసిన ఒక రకం రాయిని దంచితే దూదిలాంటి నార వస్తుంది. దాన్ని రాతినార అంటారు, ఫ్యాక్టరీల్లో మాత్రం ఆస్బెస్టాస్ అంటారు. ఆ నారను వడికి, గుడ్డగా నేసి, ఐదు వేళ్లు పెట్టి కుట్టి నన్ను లోకంలోకి పంపారు. కుట్టేవాళ్లు మధ్యమధ్యలో దగ్గేవారు. ఒక్కరు దగ్గితే జబ్బంటారు గాని, అందరూ దగ్గుతుంటే దాన్ని ఎవరూ పట్టించుకోరు.

విశాఖపట్నం అవతల సముద్రం ఒడ్డున ఒక రసాయనాల ఫ్యాక్టరీ ఉంది. అక్కడ ఆవిరి గొట్టాల దగ్గర పనిచేసే గవరయ్యకు నన్నూ నా కుడిచేతి జోడునూ ఇచ్చారు. సలసల కాగే వాల్వులను మాతో పట్టుకుని తిప్పేవాడు. గొట్టాలకు చుట్టిన పాత రాతినార కట్టును పీకి కొత్తది చుట్టేవాడు. పీకినప్పుడల్లా తెల్లటి పొడి లేచి, కిటికీలోంచి పడే ఎండలో చాలాసేపు తేలుతూ ఉండేది. గవరయ్య ముక్కుకు తువ్వాలు కట్టుకునేవాడు. మాట్లాడాల్సి వచ్చినప్పుడు కిందికి లాగేవాడు. అతనికి మాట్లాడటం ఇష్టం. 'మీ చేతులు విలువైనవి' అని ఫ్యాక్టరీ గోడ మీద పెద్ద అక్షరాలతో రాశారు. చేతుల సంగతి నేను చూసుకున్నాను. ఊపిరితిత్తుల గురించి ఆ గోడ మీద ఏమీ రాయలేదు.

కొన్నాళ్లకు నా కుడి జోడు చిరిగిపోయింది. గవరయ్యకు కొత్త జత వచ్చింది. నన్నేం చెయ్యాలో ఎవరికీ తోచలేదు. సరిగ్గా ఆ రోజుల్లోనే అతని భార్య వరహాలమ్మ గంజి వారుస్తూ చెయ్యి కాల్చుకుంది. గవరయ్య నన్ను అన్నం డబ్బాలో పెట్టి ఇంటికి తీసుకుపోయాడు.

"నీకోసం ఏటి తెచ్చానో సూడే!"

"ఏటిది? ఒంటి సెయ్యేనా?"

"నీకు కాలింది మట్టుకు ఒంటి సెయ్యి కాదేటి?"

ఆమె నవ్వి నన్ను తొడుక్కుంది. అప్పటినుంచి పొయ్యి పక్కన మేకు నా స్థానం. గవరయ్య తెచ్చిన చీరలు చిరిగాయి, గాజులు పగిలాయి. చెక్కుచెదరకుండా మిగిలిన బహుమతిని నేనొక్కదాన్నే. వీధిలో ఆడవాళ్లు నన్ను అరువడిగితే ఆమె ఇచ్చేది కాదు. రోజూ పొద్దున్నే మసి పోవాలని నన్ను గడపకేసి గట్టిగా బాదేది. మసితోపాటు నేనూ కొంచెం కొంచెం గాల్లోకి పోయేదాన్ని. తరవాత మొగుడి కాకీ బట్టలు దులిపి నానబెట్టేది. శుభ్రం విషయంలో ఆమెకు ఎవరూ వంక పెట్టలేరు.

వరహాలమ్మకు అడ్డచుట్ట అలవాటు. ఆ వైపు ఆడవాళ్లకు కొత్తేమీ కాదు, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని కాలుస్తారు. నోట్లో నిప్పు పెట్టుకోగలిగిన మనిషికి చేతికి గ్లౌజు ఎందుకో నాకు ఏనాడూ అర్థం కాలేదు.

ఏళ్లు గడిచాయి. ఫ్యాక్టరీవాళ్లు ఏటేటా ఊపిరి పరీక్షకని గవరయ్య చేత గొట్టంలోకి ఊదించి చూసేవారు. బాగానే ఊదేవాడు. రిటైర్మెంటు దగ్గరపడుతుండగా, కుళాయి నుంచి బిందెతో వస్తూ మధ్యలో కూలబడింది వరహాలమ్మ. పట్నంలో పెద్దాసుపత్రికి తీసుకెళ్లాడు. అక్కడ జరిగింది ఇంటికొచ్చాక అతను పక్కింటివాళ్లకు చెబుతుంటే విన్నాను. ఊపిరితిత్తుల పక్కన చేరిన నీరు తీశారట. క్యాన్సరట, ముదిరిపోయిందట. ఏం పని చేస్తావమ్మా అని డాక్టరు అడిగితే, "ఏ పనీ సెయ్యను బాబూ, ఇంటికాడే ఉంటాను" అందట. చుట్ట కాలుస్తావా అంటే తల దించుకుందట. ఇంక అడగాల్సిందేమీ లేదనుకున్నాడు డాక్టరు.

ఆ రోజే ఆమె చుట్టల కట్ట పొయ్యిలో పడేసింది. అయినా ఆయాసం తగ్గలేదు. గవరయ్య తిట్లూ తగ్గలేదు.

"ఎన్నిమార్లు సెప్పాను నీకు! ఆ సుట్టే నిన్ను తినేసింది."

ఆమె ఎదురు చెప్పేది కాదు. చూడవచ్చినవాళ్లతో మాత్రం, "నా సేజేతులా నానే తెచ్చుకున్నాను, ఎవుల్ని ఏటంటాను?" అనేది. చావంటే ఆమెకు పెద్దగా భయం లేదు. తన తప్పువల్లే పోతున్నానన్న సిగ్గు మాత్రం ఆమెను నిలవనివ్వలేదు. గోడవైపు తిరిగి పడుకునేది. నాకు చాలా కష్టంగా ఉండేది.

ఇంతలో ఫ్యాక్టరీ చేతులు మారింది. కొత్త యజమానులు రాతినార మొత్తం తీసేయించారు. తల నుంచి పాదాల దాకా తెల్లటి సూట్లు, మూతులకు పెద్ద పెద్ద మాస్కులు వేసుకుని మనుషులు దిగారు. గవరయ్య ఏళ్ల తరబడి చేత్తో పీకినదాన్ని వాళ్లు నీళ్లతో తడిపి, రెండేసి కవర్లలో మూటగట్టి పట్టుకుపోయారు. తరవాత సేఫ్టీ ఆఫీసరు పనివాళ్లందరినీ కూర్చోబెట్టాడు. ఈ పొడి ఊపిరితిత్తుల్లో చేరితే ఎన్నో ఏళ్ల తరవాత కూడా క్యాన్సరు రావచ్చని, మీకే కాదు, మీ బట్టలు దులిపి ఉతికిన ఇంట్లోవాళ్లకూ రావచ్చని చెప్పాడు.

గవరయ్య చెయ్యెత్తాడు. "గ్లౌజు దులిపితేనో బాబూ?"

"గ్లౌజు ఎవరు దులుపుతారు?" అన్నాడు ఆఫీసరు. అతని ఉద్దేశం మంచిదే. గవరయ్య ఎత్తిన చెయ్యి దించేశాడు.

సాయంత్రం ఇంటికొచ్చి నన్ను మేకు మీంచి తీశాడు. తరవాత నా మీద నీళ్లు పోశాడు. తను చూసినట్టే రెండు కవర్లలో వేసి, మూతి బిగించి, గుమ్మం దగ్గర పెట్టాడు. అన్నేళ్ల కొలువు అలా ముగిసింది. ప్లాస్టిక్ పల్చటిదే కాబట్టి నాకు అన్నీ కనబడుతున్నాయి, వినబడుతున్నాయి. అతను వెళ్లి ఆమె మంచం పక్కన నేలమీద కూర్చున్నాడు. ఫ్యాక్టరీలో తను చూసిందీ, అడిగిందీ, ఆఫీసరు చెప్పిందీ అంతా చెప్పాడు.

"నీ సుట్ట కాదే వరాలూ. నాను తెచ్చిన గ్లౌజు. నా కాకీ బట్టలు. ఈ రోగం ఇంటికి తెచ్చింది నానే."

ఆమె గోడవైపు నుంచి ఇటు తిరిగింది. తిడుతుందనుకున్నాను. ఏడుస్తుందేమో అని కూడా అనుకున్నాను.

"అయితే నా సుట్ట కాదన్నమాట."

"కాదు."

"నన్ను ఇన్నాళ్లూ తిట్టావు."

"తిట్టాను."

"మరైతే ఒక సుట్ట తెచ్చియ్యి."

గవరయ్య చొక్కా కూడా తొడుక్కోకుండా వీధి చివరి కొట్టుకు వెళ్లి తెచ్చాడు. ఆమెను లేపి గుమ్మం దగ్గర కూర్చోబెట్టి, చుట్ట నోటికిచ్చి, అగ్గిపుల్ల గీశాడు. చుట్ట అంటుకోవాలంటే గట్టిగా ఒక్కసారి పీల్చాలి. అంత ఊపిరి ఆమె దగ్గర లేదు. పుల్ల ఆరిపోయింది. ఇంకోటి గీశాడు.

సముద్రం మీంచి గాలి కొడుతోంది. మంట ఆరకుండా ఎడమచెయ్యి అడ్డం పెట్టాడు. అరచేయి కాలుతోంది. తియ్యలేదు. ఆమె మళ్లీ పీల్చింది. ఆ చేతిని చూసుకోవాల్సిన నేను వాళ్ల పక్కనే, రెండు కవర్లలో, మూతి బిగించి ఉన్నాను.