దారి తప్పిన ఫైలు

పొద్దున్నే ఆసుపత్రి తలుపు తీయగానే ఫైళ్ళక్క చేసే మొదటి పని, మెట్ల మీద నిలబడ్డ ఫైళ్ళని తడిగుడ్డతో తుడిచి లోపలికి తీసుకోవడం. హెచ్ఐవీ మందులు వాడేవాళ్ళు ఊరు మారితే వాళ్ళ వెనకే ఫైలూ బయల్దేరుతుంది. మనిషి బస్సెక్కి వచ్చేస్తాడు, ఫైలు పాపం నడిచి రావాలి. వచ్చాక ముందు తన మనిషి గడప తొక్కి, ఆ తర్వాతే ఆసుపత్రికొస్తుంది. మట్టికాళ్ళతో బీరువా ఎక్కుతారా అని అక్క వాటిని కసురుతూనే ఉంటుంది గానీ, ఒక్క కాగితం చిరిగినా విలవిల్లాడిపోతుంది.

కొత్తగా వచ్చిన ఒక తాపీపని ఆవిడ ఫైలు మాత్రం పన్నెండు రోజులైనా రాలేదు. ఆమె దగ్గర ఇక మూడు రోజుల మాత్రలే ఉన్నాయి. ఆరేళ్ళలో ఒక్క పూట మానలేదు మహాతల్లి. పోనీ సీసా చూపించమంటే, ఎవరైనా చదువుతారని మాత్రలన్నీ పౌడరు డబ్బాలో పోసేసుకుంది. మధ్యలో ఏదో మందు పడక చావు తప్పి బతికిందట, దాని పేరూ గుర్తులేదు. అది తెలియకుండా ఏం రాసినా ప్రమాదమేనని డాక్టరమ్మ తల పట్టుకుంది. పాత ఆసుపత్రికి ఫోన్ చేస్తే, వివరాలన్నీ ఫైల్లోనే ఉన్నాయి, అదెప్పుడో బయల్దేరింది అన్నారు.

అక్క ఆమెని నిలదీస్తే అసలు సంగతి బయటపడింది. ఇక్కడ ఎక్కడ దిగుతున్నావని అక్కడివాళ్ళు అడిగితే, లేని వీధీ లేని ఇంటి నంబరూ చెప్పొచ్చిందట. పక్కవాటా ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. గుమ్మంలో ఫైలు నిలబడితే సాయంత్రానికి పేటంతా తెలుస్తుంది, గది ఖాళీ చేయిస్తారు.

"నీ ఫైలు ఊళ్ళోనే తిరుగుతోందమ్మా. గేటు దగ్గర నిలబడి నీ పేరూ, ఇల్లూ నిజంగా చెప్పు. వింటుంది," అంది అక్క.

"ఎదురుగా ఆ టీకొట్టు మా పక్కవాటా ఆవిడదేనక్కా."

ఆమె పౌడరు డబ్బా మూత తీసి, మిగిలిన మాత్రలు ఇంకోసారి లెక్కపెట్టుకుంది. చివరికి లేచి, కొంగు దోపుకుని గేటు దాకా వెళ్ళింది. రద్దీ వీధిలో తన పేరూ, ఇల్లూ గొంతెత్తి చెప్పింది. మొదటిసారి బళ్ళ మోతలో కలిసిపోయింది, రెండోసారి వీధంతా విన్నది.

బళ్ళు ఆగిపోయాయి. మలుపులోంచి ఫైలు కుంటుకుంటూ వచ్చింది, అంచులన్నీ అరిగిపోయి. జనం పక్కకి జరిగి దారిచ్చారు. అది ఆమె పాదాల దగ్గర ఆగింది.

దాని వెనకే ఇంకో ఫైలు వచ్చింది. ఎండకి రంగు వెలిసి, వానకి ఉబ్బి ఉంది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో అంతగా తిరిగి అలిసిన ఫైలుని అక్క చూడలేదు. ఆ ఫైలు వాళ్ళని దాటి, వీధి దాటి, నేరుగా టీకొట్టు ముందు నిలబడింది.

టీకొట్టు ఆవిడ చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. ఈమధ్య బాగా చిక్కిపోయింది, పని ఎక్కువై అనుకునేవారంతా.

"నేనూ అబద్ధం ఇల్లే చెప్పాను," అంది నెమ్మదిగా. "మందు ఆగి ఏడు నెలలైంది."

తాపీపని ఆవిడ వీధి దాటి వెళ్ళింది. ఆ ఫైలు మీది మట్టి తన కొంగుతో తుడిచి, రెండు ఫైళ్ళూ ఒకే చంకన పెట్టుకుంది.

"రా వదినా," అంది, "వరుసలో నా ముందు నిలబడు."