రెండు ఇటుకలు తక్కువ

ఎవర్ట్ ఏ ఫొటోనైనా పైనుంచి కిందికే చూస్తాడు. అందరూ గుమ్మాలూ దుకాణాల బోర్డులూ వెతుకుతుంటే ఆయన భూతద్దం ఇళ్ల కప్పుల మీదే తిరుగుతుంది. నలభై ఏళ్లు పొగగొట్టాలు దులిపిన మనిషికి వీధంటే కప్పులే మరి.

స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో ఒక పాత పేట ముసలివాళ్లంతా మంగళవారం మంగళవారం గ్రంథాలయంలో చేరతారు. కాఫీ, యాలకుల బన్నులు, బల్లనిండా పాత ఫొటోలు. కొయ్య ఇళ్లు కూల్చేముందు నగరంవాళ్లు తీయించినవి. ఏ వీధో పోల్చుకుని వెనక పెన్సిలుతో రాయాలి. ఈ మంగళవారంతో ఆ పని ఆఖరు. పేరు దొరకనివి "తెలియని వీధి" అనే పెట్టెలో పడతాయి.

ఒక్కటే మిగిలింది. మంచు, తోపుడుబండి, మూడు ఇళ్లు. ఇప్పుడక్కడ గాజు మేడలుంటే ఎవరు మాత్రం ఏం చెప్పగలరు?

ఎవర్ట్ చూడగానే పట్టాడు. మధ్య ఇంటి పొగగొట్టం అంచుకు రెండు ఇటుకలు లేవు. బన్ను తుంచాడు గాని నోట పెట్టుకోలేదు. పదిహేడేళ్లప్పుడు ఆయన చేతిలో తాడు జారి, మసి దులిపే ఇనుపగుండు ఆ అంచుకు తగిలింది. గాలివానకు పోయిందని తనకు పని నేర్పే మేస్త్రీతో చెప్పాడు. ఇంటాయన మేస్త్రీని నానా మాటలూ అని పని మాన్పించాడు. ఎలాగూ కూల్చేదేనని అంచు బాగుచేయించనూ లేదు. ఆ మేస్త్రీ కూతురు గున్వోర్ ఎదురుగానే కూర్చుని ఉంది. చెబితే అరవై ఏళ్ల అబద్ధం బయటపడుతుంది. చెప్పకపోతే తాను పుట్టిన వీధి పేరు లేకుండా పోతుంది.

గ్రంథాలయం పిల్ల అన్నెలి పెట్టె మూత తీసింది.

"అది నేతగాళ్ల వీధి," అన్నాడు ఎవర్ట్. "ఆ ఇటుకలు పడగొట్టింది నేనే గున్వోర్. గాలి కాదు."

గున్వోర్ కాఫీ ఊదుకుంది. "ఇన్నాళ్లకు నోరు పెగిలిందా నీకు? ఆ రోజు ఆకైనా కదల్లేదని నాన్న అప్పుడే అన్నాడు. కుర్రాడు హడలిపోయాడు, అడక్కండి అన్నాడు. ముందు ఆ బన్ను తిను."

ఎవర్ట్ తిన్నాడు. ఫొటో వెనక వీధి పేరు రాశాడు. దాని కింద, "రెండు ఇటుకలు నావల్ల" అని కూడా.

మర్నాడు పొద్దున పొరుగావిడ ఎంత తట్టినా ఆయన తలుపు తెరుచుకోలేదు. కుర్చీలోనే పోయాడట, ఒక కాలి జోడు విప్పి, రెండోది విప్పకుండా.

భూతద్దం గ్రంథాలయం బల్ల మీదే మరిచిపోయాడు. దాని కొయ్య పిడి మీద, ఎంత తుడిచినా పోని మసి, బొటనవేలంత.