గొట్టంలో పగిలిన బంతులు

"మళ్లీ బంతి గొట్టంలోనే పగిలింది. అంతా మా ఆవిడ చేతి మహిమ!" అంటూ మా ఆయన పెయింట్‌బాల్ తుపాకీని నా ముందు పడేశాడు. ఆడటానికి వచ్చిన కుర్రాళ్లు నవ్వారు. టికెట్లిచ్చే చోట కూర్చున్న అత్తగారు, "తడి చేతులతో రంగుబంతులు ముట్టుకోవద్దని ఎన్నిసార్లు చెప్పాలమ్మాయ్?" అన్నారు.

గొట్టం ఊడదీసి లోపలి రంగు తుడవసాగాను. ఒకరిమీదొకరు రంగుబంతులు కాల్చుకునే ఈ ఆట మైదానం పెట్టినప్పటినుంచీ మాస్కులు కడగడం, గొట్టాలు తుడవడం, చీవాట్లు తినడం, ఇవే నా పనులు. మొదట్లో ఎదురు చెప్పేదాన్ని. రానురాను నాకే అనుమానం పట్టుకుంది, నిజంగానే నా చేతుల్లో ఏదో దోషం ఉందేమోనని. ఇంట్లో మంచినీళ్ల గ్లాసు కూడా రెండు చేతులా పట్టుకునేదాన్ని.

మర్నాడు ఎవరూ రాకముందే వెళ్లి, నా చేతులతోనే బంతులు నింపి, గ్యాస్ ప్రెషర్ బాగా తగ్గించి గోడమీదికి కాల్చాను. ఒక్కటీ లోపల పగల్లేదు. మళ్లీ ఆయన పెట్టే చోటికి మర తిప్పి కాల్చాను. కాసేపటికే బంతి గొట్టంలోనే చిట్లి రంగు చిమ్మింది. మళ్లీ మళ్లీ చూశాను, అదే వరస. గ్యాస్ ఒక్కసారిగా తన్నే తన్నుకి ఆ పల్చటి పెంకు తట్టుకోలేకపోతోంది. అంతే. తప్పు నా చేతులది కాదు. అక్కడే కూలబడి ఏడ్చాను.

ఆయన రాగానే ఎదురెళ్లాను. "ఏమండీ, గ్యాస్ ఎక్కువై పగులుతున్నాయండీ! తగ్గిస్తే..."

"తెలుసులే," అన్నాడు ఫోన్‌లోంచి తలెత్తకుండా. "దెబ్బ గట్టిగా తగిలితేనే వాళ్లకి మజా."

"తెలుసా? మరి ఇన్నాళ్లూ నన్నెందుకు అన్నారు?"

"అడిగినవాళ్లకి ఏదో ఒకటి చెప్పాలిగా. ఇంట్లో మనిషివి, నిన్నంటే ఏం పోతుంది?"

ఏం పోయిందో ఆయనకి ఎలా చెప్పను? నా చేతులంటే నాకే భయం పుట్టింది కదా!

మధ్యాహ్నం మైదానం నిండిపోయింది. ఒకతను రంగు కారుతున్న తుపాకీ పట్టుకుని వచ్చి, "ఏంటండీ ఇది?" అని నిలదీశాడు. మా ఆయన అలవాటుగా నవ్వుతూ నావైపు చెయ్యి చూపించబోయాడు.

"గ్యాస్ కావాలనే ఎక్కువ పెట్టారు," అన్నాను. "మీకు తగిలే దెబ్బలు కూడా అందుకే అంత గట్టిగా ఉన్నాయి. ఆ సంగతి ఆయనకి తెలుసు."

అత్తగారు లేచి నిలబడ్డారు. మా ఆయన నా పక్కకి వచ్చి, పళ్లు బిగించి మెల్లగా అన్నాడు.

"ఇంటికి పద, నీ సంగతి చెప్తా."

నేను కదల్లేదు.

"ఇక్కడే చెప్పండి," అన్నాను. "అందరూ వింటున్నారు."